ఎనిమిదోసారి

ప్రశ్న అడిగినవాళ్ళకి భ్రమరాంబగారు తిన్నగా జవాబు చెప్పగా ఈ నలభై ఏళ్ళలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. అడిగింది విన్నట్టే కనిపించదు. కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుంటుంది, గ్లాసు అడుగున మిగిలిన కాఫీ తాగేస్తుంది, ఆ తర్వాత తాపీగా "ఒకసారి ఏమైందంటే" అంటుంది. ఆ మాట వినగానే నేను మృదంగం పక్కకి జరిపి కాళ్ళు చాపుకుంటాను. ఇక ఆ పూట సాధన ఎప్పుడు మొదలవుతుందో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడ నాకు తోడబుట్టిన అక్క కాదు. ఒకే గురువు దగ్గర ఆవిడ నాట్యం, నేను మృదంగం నేర్చుకున్నాం; అప్పటి నుంచీ అక్కయ్యా అనే పిలుస్తున్నాను. నా పేరు చిదంబరం. చీరాలలో మా నాట్యశాలకి కొత్తగా వచ్చేవాళ్ళకి నేను కోపిష్టివాణ్ణని ముందే చెప్పి పంపిస్తారు, కాబట్టి మీకూ చెప్పేస్తున్నాను.

మా శాలలో ఆదివారం ఉదయానికి ఒక ఆచారం ఉంది. ఆ పూట ఎవరైనా రావచ్చు. ఏళ్ళ తరబడి నేర్చినవాళ్ళూ రావచ్చు, ఒక్క అడుగు రానివాళ్ళూ రావచ్చు. గజ్జెలు ఉన్నవాళ్ళు వాటిని గుమ్మం దగ్గరే విప్పి రావాలి. నేర్చిన పాఠం ఆడకూడదు. నేను ఏదో ఒక తాళం వాయిస్తూ ఉంటాను. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు ఒంటితో ఏదో ఒకటి చేస్తే, రెండోవారు దాన్ని అనుకరించకుండా, తమకి తోచినట్టు ఒంటితోనే బదులు చెప్పాలి. దాన్ని మేం జవాబాట అంటాం. ఎవరూ ఎవరికీ నేర్పకూడదన్నది ఒక్కటే కట్టడి. వినడానికి బాగానే ఉంటుంది. వాయించేవాణ్ణి కనక నా బాధ నాకు తెలుసు. ఒకాయన తాళానికి ముందే దూకేస్తాడు, ఇంకొకావిడ తాళం వెళ్ళిపోయాక తీరిగ్గా వస్తుంది.

ఆ ఆదివారం అందరికన్నా ముందు సంహిత వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, పన్నెండేళ్ళ సాధన, ఇప్పుడున్న శిష్యులందరిలోకీ గట్టిది. కిందటి వారం దానికి జతగా ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు పడ్డాడు. గంటసేపు ఆయన చేసిందల్లా రెండు చేతులూ గాలిలో ఊపడం, రెండుసార్లు దాని కాలు తొక్కడం. ఆ మంట ఇంకా ఆరినట్టు లేదు. అక్కయ్య కాళ్ళకి దణ్ణం పెట్టి లేస్తూనే అడిగేసింది.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. ఏమీ రానివాళ్ళకి మాతో ఆడితే నాలుగు ముక్కలు వస్తాయి, సరే. వాళ్ళతో ఆడితే మాకేం వస్తుంది?"

ప్రశ్నలో తప్పేం లేదు. నేనే దాన్ని ఎన్నో ఆదివారాలు మనసులో అనుకున్నాను, నోరు పెగల్లేదు గానీ. అక్కయ్య కళ్ళజోడు తీసింది. నేను కాళ్ళు చాపుకున్నాను.

"అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. నీకున్నంత పొగరూ ఉండేది, కాస్త ఎక్కువే" అని మొదలుపెట్టింది. ఇక్కడి నుంచి నేను చెప్తాను. ఎందుకంటే జరిగినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. పైగా తన గురించి చెప్పుకోవలసిన చోట ఆవిడ నాలుగు మాటలు మింగేస్తుంది.

మా గురువు రాఘవాచార్యులుగారికి సొంత శాల ఉండేది కాదు. ఊరి చివర పొగాకు గ్రేడింగు చేసే పెద్ద కొట్టం ఒకటి ఉండేది. ఆదివారం పని ఉండదు కనక సాధన అక్కడ చేసుకోండని యజమాని తాళంచెవి ఇచ్చాడు. మొదటి ఆదివారమే, వారమంతా అక్కడ ఆకు ఏరే ఆడకూలీలు పదిమంది దాకా వచ్చి గోడవారగా కూర్చున్నారు. వాళ్ళలో పెద్దది మస్తానమ్మ. కాసేపు చూసి, "అయ్యగారూ, వారమంతా మేం ఒళ్ళు హూనం చేసుకునే చోటిది. మీరిక్కడ ఆడతా ఉంటే మేం చూస్తా కూర్చోవాలా? మమ్మల్ని గూడా కాసేపు ఆడనియ్యండి" అంది. మేమందరం కిసుక్కున నవ్వాం. గురువుగారు నవ్వలేదు. "న్యాయమే. చోటు మీది, ముందు మీరాడాకే మేము" అన్నారు. జవాబాట అలా పుట్టింది. మొదటి గంట వాళ్ళతో ఆట, ఆ తర్వాతే మా పాఠం. అక్కయ్యకి ఒళ్ళు మండిపోయేది. సైకిల్లో గాలి పోయిందనో, గజ్జెల తాడు తెగిందనో ఏదో ఒక వంకతో ఆ గంట ఎగ్గొట్టాలని చూసేది. గురువుగారు అంతకన్నా మొండివారు. ఆవిడ వచ్చేదాకా ఆట మొదలుపెట్టేవారు కాదు, ఆలస్యమైన ప్రతి నిమిషానికీ పదిమంది కూలీలు తలుపువైపు చూస్తూ కూర్చునేవారు.

పాటకి నరహరిశర్మగారు ఉండేవారు. డెబ్భై దాటిన మనిషి. సన్నగా, వెన్ను నిటారుగా, ఎప్పుడూ ఉతికిన కండువాతో ఉండేవారు. ఆ ఏడాది ఆయనకి మాట జారడం మొదలైంది. రాగం పోదు, తాళం పోదు, తర్వాతి పాదం మాత్రం దొరకదు. ఒంగోలులో ఒక ప్రదర్శనలో అలాగే ఆగిపోతే, పక్కన తాళం వేస్తున్న గురువుగారు మెల్లిగా మాట అందించారు. మెల్లిగా అందిస్తే మాత్రం ఏం, ముందు మైకు ఉంది కదా! హాలంతా వినపడింది. వెనక వరసల్లో నవ్వారు. తిరిగి చీరాల వచ్చాక ఆయన వ్యాను దిగుతూ గురువుగారి చెయ్యి పట్టుకుని, "ఆచార్యులూ, ఇక నాకు మాట అందించకు. ఇంకొక్కసారి తప్పితే నేనే లేచి వెళ్ళిపోతాను, మళ్ళీ పాడను" అన్నారు. ఆయన ఊరికే అనే మనిషి కాదు. పాట తప్ప ఆయనకి ఇంకో వ్యాపకం లేదు. పొద్దున్నే లేచి ఎక్కడో ఒకచోట పాడకపోతే అన్నం సయించని మనిషి. మేమందరం ఆ మాట విన్నాం. అక్కయ్య కూడా విన్నది.

నెల తిరక్కుండా బాపట్లలో సభ వచ్చింది. అక్కయ్య ఒక పదం ఆడాలి. అందులో నాయిక వాకిట్లో నిలబడి, రానివాడి కోసం చూసి చూసి, "ఎంతసేపని నిలుతునే" అని చెలికత్తెతో అంటుంది. మా పద్ధతిలో ఇలాంటి పాదాన్ని పాటగాడు మళ్ళీ మళ్ళీ పాడతాడు. ఆడే మనిషి ప్రతిసారీ దాన్ని కొత్తగా చూపించాలి. ఇక చాలనుకున్నప్పుడు పాటగాడివైపు అరచుట్టు తిరిగి కళ్ళు దించుతుంది. అది గుర్తు, ఆయన తర్వాతి పాదానికి వెళ్తాడు. పాదం మళ్ళీ వచ్చినా చూపించింది మళ్ళీ రాకూడదని గురువుగారి శాసనం. అప్పటికప్పుడు మనసుకి తోచింది చెయ్యాలని దాని ఉద్దేశం. మరి మా అక్కయ్య ఏం చేసిందో తెలుసా? ఇంట్లో కూర్చుని నోటుపుస్తకంలో ఏడు రకాలు రాసుకుంది! ఒకటి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి దారి చూడటం. రెండు, జడలో పూలు వాడాయేమోనని తడుముకోవడం. అలా ఏడు దాకా అంకెలు వేసుకుని, అద్దం ముందు వల్లెవేసి, సభలో మాత్రం అప్పుడే తట్టినట్టు ముఖం పెట్టేది. ఈ దొంగపని ఆవిడ ఒక్కతే చేసిందని అనను. నేను మాత్రం తక్కువ తిన్నానా? అక్కడికక్కడ పుట్టినట్టు వాయించే ముక్తాయింపులు ముందు రోజే తొడ మీద కొట్టుకుని చూసుకునేవాణ్ణి.

సభ కిటకిటలాడింది. ముందు వరసలో బాగా తెలిసిన పెద్దలు, వాళ్ళలో తప్పు పట్టడానికే చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురు. శర్మగారు పదం అందుకున్నారు. ఆ పాదం వచ్చింది. అక్కయ్య ఏడూ చేసింది, ఒకదాన్ని మించి ఒకటి. చప్పట్లు పడ్డాయి. అరచుట్టు తిరిగి, కళ్ళు దించింది. శర్మగారు మళ్ళీ "ఎంతసేపని నిలుతునే" అన్నారు.

గుర్తు చూడలేదేమో అనుకుని అక్కయ్య తలెత్తింది. అప్పుడు ఆయన ముఖం కనిపించింది. నేను పక్కనే ఉన్నాను, నాకూ కనిపించింది. తొడ మీద తాళం వేసే చెయ్యి ఆగలేదు, గొంతు ఆగలేదు. చూపు మాత్రం చాప మీద ఏదో పారేసుకున్నట్టు వెతుకుతోంది. తర్వాతి పాదం "పొద్దు వాలెనే" అని నాకు తెలుసు, గురువుగారికి తెలుసు, సభలో సగం మందికి తెలుసు. ఎవరూ చెప్పడానికి లేదు. గురువుగారి పెదవులు బిగుసుకుపోయాయి. ఇప్పుడు అక్కయ్య ఆట ఆపేస్తే శర్మగారు దొరికిపోతారు. చేసిందే మళ్ళీ చేస్తే, పాటలో ఏదో తేడా వచ్చిందని ముందు వరసవాళ్ళు ఇట్టే పసిగడతారు. ఎనిమిదోసారి కొత్తగా ఏదో ఒకటి చెయ్యాలి, ఆయనకి మాట దొరికేదాకా చేస్తూనే ఉండాలి. ఆవిడ దగ్గర ఎనిమిదోది లేదు.

"నా చేతులు ఖాళీ అయిపోయాయే, సంహితా" అంది అక్కయ్య ఇక్కడికి వచ్చాక. "ఎన్నేళ్ళు నేర్చుకున్న చేతులు! చెయ్యి నుదుటి మీదకి పోబోయింది. అది ఒకటోది. సగంలో ఆపేశాను. ఆపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీరకి తుడుచుకున్నాను."

అలా తుడుచుకోగానే ఆవిడకి కొట్టంలో ఆకు ఏరే రత్తాలు గుర్తొచ్చింది. పొగాకు జిగురు వేళ్ళకి పడితే ఒక పట్టాన వదలదు. అందుకని జవాబాటలో ఎదుటివాళ్ళు ఏం చేసినా, రత్తాలు ముందు రెండు చేతులూ చీరకి తుడుచుకుని గానీ బదులు చెప్పేది కాదు. అక్కయ్యకి చిరాకు పుట్టించిన అలవాటే అది. ఇప్పుడు ఆవిడ తుడుచుకుంటూ పోయింది. ఇంటి పనంతా ముగించుకుని, వచ్చేవాడికి మంచినీళ్ళిచ్చే చేతులు శుభ్రంగా ఉండాలని తుడుచుకుంది. తుడిచిన చేతులే చూసుకుని మళ్ళీ తుడుచుకుంది. శర్మగారు మళ్ళీ అదే పాదం. ఈసారి తలపులోకి ఏసమ్మ వచ్చింది, ఆ కూలీల్లోనే ఇంకొకామె. బిడ్డని తల్లి దగ్గర వదిలి వచ్చినా, సంకలో బిడ్డ ఉన్నట్టే ఒక పక్కకి ఒరిగి నిలబడేది ఏసమ్మ. కాసేపయ్యాక ఆ లేని బిడ్డని రెండో సంకకి మార్చుకునేది. అక్కయ్య తన ఎదురుచూపుని అలా సంకనెత్తుకుంది. బరువు ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చుకుంది. ముందు వరసలో ఇస్త్రీ చొక్కా పెద్దాయన ఒకడు "అమ్మా!" అన్నాడు, పైకే. శర్మగారు మళ్ళీ అదే పాదం.

ఇక మిగిలింది మస్తానమ్మ. ఆడనియ్యమని మొదట అడిగింది ఆవిడే కదా. అడిగిందన్నమాటే గానీ, ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా ఆవిడ ఏమీ ఆడలేదు. ఎదుటివాళ్ళు ఎన్ని వేషాలు వేసినా ఒక కాలి మీద బరువు వేసి, చేతులు వదిలేసి, వాళ్ళ ముఖంలోకి చూస్తూ నిలబడేది. ఏం మస్తానమ్మా అంటే, "నాకిట్టా నిలబడితేనే హాయిగా ఉంది" అనేది. తూకం దగ్గర వరసలో గంటలు గంటలు నిలబడ్డ మనిషి మరి. ఆవిడతో జత పడిన రోజు అక్కయ్యకి ఏడుపొక్కటే తక్కువ. రాతితో ఆడినట్టుందిరా చిదంబరం అని నా దగ్గర గొణుక్కునేది. ఆ సభలో అక్కయ్య అలా నిలబడింది. ఏమీ చెయ్యలేదు. బరువు ఒక కాలి మీద వేసి, చేతులు వదిలేసి, శర్మగారి ముఖంలోకి చూస్తూ ఊరికే నిలబడింది. అది గుర్తు కాదు, తర్వాతి పాదానికి వెళ్ళమన్న తొందర అందులో లేదు. మీకు ఎంతసేపు కావాలో అంతసేపూ ఇక్కడే ఉంటానన్నట్టు ఉంది, అంతే. ఎంతసేపని నిలుతునే అన్న పాదానికి ఏడు రకాలు చేసిన మనిషి, ఒక్కసారి కూడా ఉత్తినే నిలబడి చూపించలేదని నాకు అప్పుడు తట్టింది. నా వేళ్ళు వాటంతటవే తగ్గాయి. గురువుగారి తాళం చప్పుడు ఒక్కటే మిగిలింది. శర్మగారు చాప మీద వెతకడం మానేసి ఆవిడ ముఖంలోకి చూశారు. చాలా మెల్లిగా ఆ పాదాన్ని ఇంకొక్కసారి అన్నారు. ఊపిరి తీసుకున్నారు.

"పొద్దు వాలెనే" అన్నారు.

నాకు కళ్ళ నిండా నీళ్ళు తిరిగి మృదంగం కనపడలేదు. తాళం తప్పానేమో కూడా తెలియదు, ఎవరూ పట్టించుకోలేదు. పాటా ఆటా ముందే కూడబలుక్కుని ఆ పాదాన్ని అంత దూరం తీసుకెళ్ళాయని సభవాళ్ళు అనుకున్నారు. ఈ వయసులో ఏం పాడారండీ అని శర్మగారికి శాలువా కప్పారు. లోపలికి వచ్చాక ఆయన ఆ శాలువా తీసి అక్కయ్య భుజాల మీద కప్పి, రెండు చేతులూ పట్టుకున్నారు. "తల్లీ, ఇవాళ నా పాట నిలబెట్టావు. ఎక్కడ నేర్చావే ఇవన్నీ?" అన్నారు. ఎక్కడ నేర్చిందని చెప్తుంది అక్కయ్య? నేర్చుకోకుండా ఉండాలనే కదా అన్ని వంకలు పెట్టింది!

ఆ వచ్చిన ఆదివారం కొట్టం తలుపు తీయకముందే అక్కయ్య అక్కడ ఉంది. నేను వెళ్ళేసరికి ఆ ముగ్గురి ముందూ నిలబడి, ఏదో చెప్పబోయి, చెప్పలేక ఏడుస్తోంది. వాళ్ళకేం అర్థమవుతుంది పాపం? "మేమేం చేశామమ్మా? సరదాకి ఆడుకున్నాం గదా" అంటోంది రత్తాలు. ఏసమ్మ అయితే ఈ పిల్లకి ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనుకుని తనూ కళ్ళు ఒత్తుకుంటోంది. మాటలతో అయ్యే పని కాదని తెలిసి, అక్కయ్య వంగి మస్తానమ్మ పాదాలు పట్టుకుంది. "ఓరి దేవుడో! ఇదేంది తల్లీ, లెగు, లెగు" అని మస్తానమ్మ ఒక్క గెంతు గెంతింది. ఆవిడ ఆడగా మేం చూసింది అదొక్కసారే. శర్మగారు ఆ తర్వాత మూడేళ్ళు పాడారు. మాట జారిన ప్రతిసారీ అక్కయ్య ఎప్పటికప్పుడు ఏదో ఒకటి చేస్తూ, ఆయనకి దొరికేదాకా కాచుకుని ఉండేది. ఏం చేస్తుందో నాకు ముందుగా తెలిసేది కాదు, ఆవిడకీ తెలిసేది కాదు. ఆ నోటుపుస్తకం ఏమైందో నేను అడగలేదు. శర్మగారికి మాత్రం సభ మధ్యలో లేచి వెళ్ళిపోవలసిన రోజు రాలేదు. ఆ మూడేళ్ళూ ఆయన పక్కన కూర్చుని వాయించాను. అంత భాగ్యం నాకు దక్కిందంటే అది ఎవరి చలవో నాకు తెలుసు. ఆదివారం వస్తే ఇంత సణిగే నేను, ఒక్క ఆదివారం కూడా మానకుండా రావడానికి కారణం అదే.

అక్కయ్య చెప్పడం ఆపింది. నేను ముక్కు చీదుకున్నాను. నాకు కాస్త జలుబుగా ఉంది. సంహిత కళ్ళు తుడుచుకుంది. మంచి పిల్లే, కాకపోతే మరీ శ్రద్ధగల శిష్యురాలు. సంచీలోంచి ఫోను తీసింది.

"అమ్మా, ఆ మూడూ ఇంకొక్కసారి చేసి చూపిస్తారా? వీడియో తీసుకుంటాను."

అక్కయ్యకి నవ్వాగలేదు. సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పులు విప్పుతున్న చప్పుడైంది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా వచ్చిన నర్సమ్మ, మెడలో టేపు తీయడం మరిచిపోయిన దర్జీ, వాళ్ళ వెనక ఈ రోజే మొదటిసారి వచ్చిన ఎవరో పెద్దావిడ. లోపల పాఠం నడుస్తోందేమో, రావచ్చో రాకూడదో అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

"అవి నా దగ్గరికి వచ్చినవమ్మా" అంది అక్కయ్య. "నీ దగ్గరికి రావలసినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. పోయి లోపలికి రమ్మను."